పదిహేను కిలోల లోపు

గిన్నెలంటే నాకు మొదటి రోజు నుంచీ పడదు. వాటి అసలు పేరు వేరే ఉంది. కంపెనీవాళ్ళు పెట్టిన ఆ పేరు పలకడానికి నా నోరు తిరగదు, తిప్పాలనీ లేదు. బోర్లించిన గిన్నెలాగా గుండ్రంగా, తెల్లగా మెరుస్తూ ఉంటాయి కాబట్టి మా వీధిలో అందరూ గిన్నెలనే అంటారు. డ్రైవరు ఉండడు, స్టీరింగు ఉండదు. ఎక్కి కూచుని ఎక్కడికెళ్ళాలో చెబితే తీసుకెళ్తుంది. తీసుకెళ్ళడం ఇష్టం లేకపోతే తియ్యటి గొంతుతో ఏదో ఒకటి చెబుతూ ఉన్నచోటే ఉంటుంది.

నా కూతుర్ని అసలు మనిషే కాదంది.

బడివాళ్ళు వారం ముందే కాగితం పంపారు. బడికి వెళ్ళే పెద్ద రోడ్డుని ఏడాది కిందటే గిన్నెలకి ఇచ్చేశారు. ఇప్పుడు రెండు పక్కలా ఫుట్‌పాత్ కూడా తవ్వేసి గోడలు కట్టేశారు. సోమవారం నుంచి నడిచొచ్చే పిల్లల్ని గేటులోకి రానివ్వరు. గిన్నె బడి మెట్టుకి ఆనుకుని ఆగి, పిల్ల దిగితే హాజరు దానంతటదే పడుతుంది. పెద్దవాళ్ళు వెంట ఎక్కకూడదు. పిల్లల గిన్నెలో ఉండేదే ఒక చిన్న సీటు. కాగితం అడుగున ఇంకో ముక్క ఉంది. టర్ములో మూడు రోజులు హాజరు పడకపోతే పేరు తీసేస్తారట. పేరు పోతే, బడిలో సీటుకి మళ్ళీ చీటీలు తీసేది రెండేళ్ళకి.

ఆ ముక్క నేను నాలుగుసార్లు చదివాను. నా చదువు ఎనిమిదితో ఆగిపోయింది. మొద్దునై కాదు. మా వైపు వచ్చే బస్సుని నష్టం వస్తోందని ఎత్తేశారు, అంతే. ఆ బస్సులో ఏడుగురం ఆడపిల్లలం ఎక్కేవాళ్ళం. ఏడుగురమూ ఇళ్ళల్లో కూచున్నాం. బండి లేదన్న మాట మీద నా కూతురి చదువు మాత్రం ఆగనివ్వనని అనుకున్నాను.

దానికి ఐదేళ్ళు నిండటానికి ఇంకా రెండు నెలలున్నాయి. వాళ్ళ నాన్న పిచిక అంటారు. అన్నీ పుల్లలే, కళ్ళు మాత్రం గుడ్లంత.

సోమవారం వీధి చివర స్టాండులో గిన్నె ఎక్కించాను. సీటులో కూచుంది. బెల్టు నేనే పెట్టి, బయటికి వచ్చాను.

"ఆసనం ఖాళీగా ఉంది. దయచేసి కూర్చోండి," అంది గిన్నె.

"కూచున్నాను కదా," అంది నా కూతురు.

"ఆసనం ఖాళీగా ఉంది. దయచేసి కూర్చోండి."

పిచిక ఇంకాస్త వెనక్కి జరిగి, వీపు ఆనించి, చేతులు కట్టుకుని బుద్ధిగా కూచుంది. మళ్ళీ అదే మాట. లేచి మళ్ళీ కూచుంది. ఈసారి గట్టిగా కూచుంది పాపం. మళ్ళీ అదే మాట. వెనక వరసలో ఉన్నావిడ, "ఏమ్మా, సినిమా చూపిస్తున్నావా? మా పిల్లలు బడికెళ్ళాలి," అంది. ఇంకొకాయన, "కూచోవడం నేర్పించి తీసుకురావలసింది," అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వుకి నా కూతురు ఏడుపు మొదలుపెట్టింది. దించుకుని ఇంటికొచ్చేశాను. ఒక రోజు పోయింది.

ఇంట్లో అత్తయ్య బట్టలు మడత పెడుతోంది. విషయం విని, మడత ఆపకుండానే, "తిండి పెడితే కదా తూగేది," అంది. "తల్లి పోలిక. ఫ్యానేస్తే ఎగిరిపోయే రకం."

"పెడుతూనే ఉన్నానత్తయ్యా. తినేది కూడా చూస్తూనే ఉన్నారు."

"చూస్తున్నాగా. నీ చేతి వంట నువ్వే తినలేవు, అదేం తింటుంది?"

ఆయన గుమ్మం దగ్గర కూచుని వ్యాను హారన్‌ని విప్పి తుడుస్తున్నారు. పదేళ్ళు పిల్లల్ని బడికి చేర్చిన వ్యాను అది. రోడ్డు గిన్నెలకి ఇచ్చేశాక ఇంటి పక్కన పాకలో నిలబడిపోయింది. నేను వెళ్ళి గిన్నెలు కడిగే షెడ్డులో పనికి చేరాను. ఆ రోజు నుంచి ఆయన నాతో గోడకి చెప్పినట్టు మాట్లాడతారు.

"నా బండిలో ఏ పిల్లనైనా నువ్వు లేవు పొమ్మన్నానా?" అన్నారు, హారన్‌తో.

"మీ బండి ఆ రోడ్డు మీదకి వెళ్ళదు కదండీ."

"వెళ్ళకుండా చేసినవాళ్ళకే కదా నువ్వు ఊడిగం చేసేది. అడుగు వాళ్ళనే. లేదా మానిపించు. రెండేళ్ళు ఆగితే ఏం, కలెక్టరు పదవి పోతుందా?"

"మానిపించను."

"అయితే నీ చావు నువ్వు చావు."

మంగళవారం పొద్దున్నే కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను, పిల్లని చంకనేసుకుని. వరండా గోడ నిండా రంగుల బొమ్మలు. రాబోయే రోజుల్లో ఇలా తిరుగుతారట జనం. మేడల మీంచి ఎగిరే గిన్నెలు. నేల కింద గొట్టంలో గాలి ఊదితే దూసుకుపోయే బండి. కదలకుండా నిలబడితే చాలు, తనే నడిచే రోడ్డు. బొమ్మల్లో అందరూ పొడుగ్గా, నవ్వుతూ, ఖాళీ చేతులతో ఉన్నారు. ముక్కు కారే పిల్ల ఒక్కతీ లేదు. ఎగిరే గిన్నెలో ఎవరన్నా వాంతి చేసుకుంటే దాన్ని కడిగేవాళ్ళం కూడా ఆ బొమ్మల్లో లేము.

కిటికీ దగ్గర కుర్రాడు తెర చూసి చెప్పాడు. "పదమూడు కిలోలే చూపిస్తోందమ్మా. పదిహేను కిలోల లోపుంటే సామాను కింద లెక్క."

"సామానా?"

"సామానుకి టికెట్టు కూడా లేదు. మీకు మంచిదే కదా."

"సరే, సామానుగానే పంపండి."

"సామాను ఒక్కటే వెళ్ళదమ్మా. ప్రయాణికుడు ఉండాలి."

"నా కూతురే ప్రయాణికురాలు బాబూ!"

"పదిహేను కిలోల లోపు ప్రయాణికులు ఉండరమ్మా."

"ఇదిగో, కళ్ళెదురుగా ఉంది కదా. నీకు కనిపించటం లేదా?"

"నాకు కనిపిస్తే ఏం లాభం? నేను తీసుకెళ్ళను కదా," అన్నాడు. తరవాత కాస్త జాలి కలిగిందేమో, "బాగా తినిపించండి," అన్నాడు.

బడికి ఫోను చేస్తే పెద్ద టీచరు, రూలు కంపెనీది కాబట్టి కంపెనీని అడగమంది. రెండో రోజూ పోయింది. ఇంకొక్కటి పోతే పేరు పోతుంది.

ఇక్కడ నా పని సంగతి చెప్పాలి, లేకపోతే నేను చేసిన వెధవపని అర్థం కాదు.

గిన్నె లోపల మొదట కెమెరాలు ఉండేవి. జనం గొడవ చేశారు, తీసేశారు. ఇప్పుడు దానికున్న కన్ను ఒక్కటే, సీటు కింద తూకం. బరువుంటే మనిషి ఉన్నట్టు. బరువు లేకపోతే దిగిపోయినట్టు. ఖాళీ అయిన గిన్నె నేరుగా మా షెడ్డుకి వస్తుంది. ముందు పొగ గదిలోకి వెళ్తుంది. అక్కడ దాని లోపలికి మందు పొగ కొడతారు. పురుగూ పుట్రా, వాసనా అన్నీ చచ్చిపోవాలని. ఆ పొగ కొట్టే రెండు నిమిషాలూ మమ్మల్ని దగ్గరికి కూడా రానివ్వరు. తరవాత నీళ్ళు కొట్టించుకుని మా చేతికొస్తుంది. మేం లోపల దూరి సీట్లు తుడుస్తాం. చిక్కేమిటంటే, లోపల వంగి తుడుస్తున్నంతసేపూ సీటు ఖాళీయే కదా, పని అయిపోయిందనుకుని గిన్నె తలుపు మూసుకుని బయల్దేరిపోతుంది. ఒకావిడ చెయ్యి అలాగే నలిగింది.

అందుకని మా ఆడవాళ్ళు ఒక ఉపాయం పట్టారు. ఇరవై కిలోల ఇసుక మూట కుట్టి సీటు మీద పెడతాం. దాని పేరు చంటోడు. చంటోడు కూచున్నంతసేపూ గిన్నె కదలదు. "ఎక్కడికి వెళ్ళాలో చెప్పండి," అని వాణ్ణి బతిమాలుతూ ఉంటుంది. వాడు చెప్పడు. మేం కడుక్కుంటాం. అయిపోయాక మూట ఎత్తి, "చంటోడు దిగాడు!" అని అరిస్తే, పక్కవాళ్ళు తప్పుకుంటారు. కంపెనీ రూళ్ళలో చంటోడు లేడు. మా సూపర్‌వైజరు, ఎప్పుడూ గోడ గడియారం కేసి చూస్తాడని గడియారం అంటాం, వాడికి తెలిసీ తెలియనట్టుంటాడు. పైవాళ్ళకి తెలిస్తే ఆ వరసలో ఉన్న పదకొండుమంది ఆడవాళ్ళకీ ఆ రోజే ఆఖరు.

మంగళవారం సాయంత్రం చంటోడి కుట్టు విప్పి మూడు కిలోల ఇసుక తీశాను. గుడ్డలో మూటకట్టి, పిచిక బడిసంచి అడుగున పెట్టి కుట్టేశాను.

"అమ్మా, బరువు," అంది.

"బడి దాకానే. వీపు మీంచి తియ్యకు. దిగేదాకా తియ్యకు. సరేనా?"

"తీస్తే ఏమవుతుంది?"

"నువ్వు లేవనుకుంటుంది."

బుధవారం ఎక్కించాను. "స్వాగతం," అంది గిన్నె. ఆ మాట విని నా గుండెలోంచి ఒక రాయి దిగింది. గురువారం కూడా స్వాగతం అంది. రెండు రోజులూ హాజరు పడింది. అత్తయ్యకి చెప్పలేదు. ఆయనకి చెప్పలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. నేను పనిచేసే చోట నేను రోజూ చూసేదే, ఖాళీ అయిన గిన్నె ఎక్కడికొస్తుందో, అది మాత్రం నా బుర్రకి తట్టలేదు. ఎవరికైనా చెబితే నమ్మరు. తల్లికి తట్టొద్దా అంటారు. తట్టలేదు. నా కంగారంతా స్టాండు దగ్గరే, ఎక్కనిస్తుందా లేదా అన్న దగ్గరే ఆగిపోయింది.

శుక్రవారం ఎనిమిదీ ఇరవైకి ఎక్కించాను. నాకో అలవాటు, గిన్నె పక్కనున్న నంబరు చూస్తాను. నలభైనాలుగు పదిహేడు. మనసులో రెండుసార్లు అనుకుని, వెనక సందులోంచి షెడ్డుకి పరిగెత్తాను. ఫోను పెట్టెలో పడేసి, బూట్లు వేసుకుని వరసలో నిలబడ్డాను.

పొగ గది మీద ఒక బోర్డు ఉంటుంది. వచ్చే గిన్నెల నంబర్లు ఒకదాని కింద ఒకటి పడుతుంటాయి. నేను రెండు గిన్నెలు తుడిచి, గుడ్డ పిండుతూ తలెత్తాను. అడుగు నుంచి మూడోది నలభైనాలుగు పదిహేడు. పక్కన, ఖాళీ.

పిల్ల దిగేసి ఉంటుంది అనుకున్నాను ముందు. గోడ గడియారం చూశాను. ఎనిమిదీ ముప్ఫైతొమ్మిది. బడికి పన్నెండు నిమిషాలు. అక్కణ్ణించి ఇక్కడికి ఇంకో పన్నెండు. ఎలా చూసినా ఆ గిన్నె బడి మొహం చూడలేదు.

గుడ్డ కింద పడింది.

"సార్! వరస ఆపండి. నలభైనాలుగు పదిహేడులో మా అమ్మాయి ఉంది."

గడియారం బోర్డు చూశాడు. "ఖాళీ అని ఉంది కదా."

"ఖాళీ కాదు సార్, మా పిల్ల."

"పిల్లుంటే ఖాళీ అని ఎందుకొస్తుంది? పద, పద, పని చూసుకో."

బోర్డు మీద నంబరు ఒక మెట్టు పైకెక్కింది. నిజం చెబితే తప్ప వీడు నమ్మడు. చెబితే పదకొండుమంది కూడు పోతుంది. ఆలోచించానని చెప్పుకోను, ఆలోచించలేదు.

"పిల్ల బరువు చాలక ఇసుక పెట్టి కూచోబెట్టాను సార్! మన చంటోడి ఇసుకే! సంచి తీసేసినట్టుంది!"

పక్క గిన్నెల్లోంచి ఆడవాళ్ళు తలలు బయటపెట్టారు. మా వరసకి పెద్దయిన పెద్దక్క, ఇరవై ఏళ్ళు బస్సులు కడిగి ఇక్కడికొచ్చిన మనిషి, నన్ను చూసిన చూపు ఇప్పటికీ కళ్ళల్లోనే ఉంది.

"ఏ చంటోడు?" అన్నాడు గడియారం. వాడికి తెలుసు. ఇప్పుడందరి ముందూ తెలియనట్టు మాట్లాడాలి కదా. "నాకేం తెలీదు. నేను పైవాళ్ళకి ఫోను చేస్తాను, వాళ్ళు చెబితే..."

నంబరు ఇంకో మెట్టు ఎక్కింది. బయట మలుపులో తెల్లగా కనిపిస్తోంది.

గిన్నె ఇంకొక్కదానికే లొంగుతుంది. ఎదురుగా మనిషి నిలబడితే ఆగి తీరాలి. అది చట్టం. కానీ షెడ్డులో ఒకటి ఆగితే వెనకున్నవన్నీ ఆగుతాయి, రోడ్డు దాకా ఆగుతాయి. అందుకని పొగ గది ముందు నిలబడినవాళ్ళకి ఇక పని లేదు. నేను చేరాక ఇద్దరు అలా పోయారు. ఒకావిడ కాలుజారి పడింది, అంతే. పడినా పోయినట్టే.

నేను పరిగెత్తి, పొగ గది నోటి ముందు రెండు చేతులూ చాచి నిలబడ్డాను. గిన్నె నా పొట్టకి జానెడు దూరంలో ఆగింది.

"దయచేసి దారి ఇవ్వండి," అంది.

అద్దంలోంచి పిచిక కనిపించింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూచుంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. తలుపు లాగాను, రాలేదు. ఖాళీ గిన్నె తలుపు లోపల్నుంచి రాదు, బయట్నుంచి తాళంకడ్డీతోనే రావాలి. కడ్డీ పెద్దక్క దగ్గరుంటుంది.

"పెద్దక్కా!"

పెద్దక్క వచ్చింది. వస్తూనే తిట్లు. "నీ నోరు పడిపోనూ! పదకొండుమంది కడుపులు కొట్టావు కదే! నా మనవడి మందులు నువ్వు తెస్తావా ఇక? ఇసుక కావాలంటే వీధిలో లేదా, మన చంటోణ్ణే కోయాలా?" తిడుతూనే కడ్డీ దూర్చింది. ఒకసారి జారింది. "జరుగు, నీ మొహం కనిపిస్తే నాకు చేతులాడవు." రెండోసారి తిప్పింది. తలుపు వచ్చింది.

పిచికని లాగి మెడకి కరుచుకున్నాను. సంచి సీటు కింద చక్కగా సర్ది ఉంది.

"తియ్యొద్దన్నానా లేదా?" అరిచాను. ఏడుస్తూనే అరిచాను.

"అదే చెప్పిందమ్మా. సామాను సీటు కింద పెట్టండి అంది. దయచేసి అంది."

దయచేసి అంది. నేను ఎప్పుడూ దానితో దయచేసి అని ఉండను.

పెద్దక్క కడ్డీ తీసుకుని వెనక్కి తిరిగి కూడా చూడకుండా వెళ్ళిపోయింది. మిగతా ఆడవాళ్ళు ఎవరూ నా దగ్గరికి రాలేదు. ఒకామె నేలమీద ఉమ్మింది.

"నీ పని అయిపోయింది," అన్నాడు గడియారం. "పొగ గది ముందు నిలబడ్డావు."

"తెలుసు. టైమెంత?"

ఆ ప్రశ్న ఎవరడిగినా వాడికి సంతోషమే. "ఎనిమిదీ యాభైరెండు."

బడిలో హాజరు పుస్తకం తొమ్మిదిన్నరకి మూసేస్తారు. మూడో రోజు. ఈ రోజు పోతే పేరు పోతుంది. నా పని పోయింది, పిల్ల ప్రాణం జానెడు దూరంలో తప్పింది, ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టుకోవాలని ఒళ్ళంతా పీకుతోంది. తీసుకెళ్తే? రెండేళ్ళ తరవాత చీటీలో దాని పేరు రాకపోతే?

"ఒక పెద్ద గిన్నె ఇప్పించండి సార్. నేనూ ఎక్కి దింపేసి వస్తాను."

"బడి మెట్టు దగ్గరికి పెద్ద గిన్నె వెళ్ళదు. చిన్నదే వెళ్ళాలి. చిన్నదానికేమో మీ అమ్మాయి లేదు కదా." అని నవ్వాడు. నవ్వొచ్చే మాటే అనుకున్నాడు పాపం.

సంచిలోంచి ఇసుకమూట చింపి, వాడి బూట్ల ముందు కుమ్మరించాను. పిల్లని చంకనేసుకుని, గిన్నెలు బయటికి వెళ్ళే నోట్లోంచి రోడ్డు మీదకి నడిచాను.

ఆ రోడ్డు మీద మనిషి అడుగు పడి ఎన్నాళ్ళయిందో. రెండు పక్కలా గోడలు, మధ్యలో నున్నగా నల్లటి దారి. గడ్డిపోచ కూడా లేదు. సరిగ్గా నడిమధ్యలో నడిచాను. పక్కగా నడిస్తే తప్పుకుని పోతాయి, నాకెందుకో వాటిని పోనివ్వాలనిపించలేదు. వెనక మొదటి గిన్నె వచ్చి ఆగింది. "దయచేసి దారి ఇవ్వండి." నేను రెండడుగులు వేస్తే అదీ రెండడుగులు జరిగింది. దాని వెనక ఇంకొకటి. కాసేపటికి ఇరవై, ముప్ఫై. అన్నీ ఒకే గొంతు. దయచేసి, దయచేసి, దయచేసి. లోపలి జనం అద్దాలు బాదుతున్నారు. అద్దాలు దిగవు, తిట్లు వినబడవు, నోళ్ళు మాత్రం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. టై కట్టుకున్న ఒకాయన తన వాచీ అద్దానికి ఆనించి నాకు చూపించాడు. నేనూ నా పిల్లని పైకెత్తి ఆయనకి చూపించాను.

"అమ్మా, ఇవన్నీ మనల్ని తరుముతున్నాయా?"

"తరిమితే తరమనీ. నువ్వు వెనక్కి చూడకు."

"నన్ను దింపు, నేను నడుస్తాను."

దింపాను. చిన్న చిన్న అడుగులు వేసింది. దానితోబాటు రోడ్డంతా చిన్న చిన్న అడుగులే వేసింది. పైనున్న మైకులో ఎవరో మగగొంతు, రోడ్డు మీదున్న వ్యక్తి వెంటనే పక్కకు జరగాలి, చర్య తీసుకుంటాం అంది. ఆ గొంతులో దయచేసి లేదు. నిజం మనిషి అన్నమాట.

బడి గేటు దగ్గరికి చేరేసరికి తొమ్మిదీ ఇరవైనాలుగు. వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు. "నడిచొచ్చినవాళ్ళు లోపలికి రాకూడదమ్మా."

"సరే. రాను. ఇక్కడే నిలబడతాను." గేటు ముందు, గిన్నెలు వచ్చే దారికి అడ్డంగా నిలబడ్డాను. వెనక వరసలో ఎటు చూసినా పిల్లల గిన్నెలే. "వాళ్ళెవరూ కూడా రారు. హాజరు ఎవరికీ పడదు."

వాచ్‌మన్ లోపలికి పరిగెత్తాడు. పెద్ద టీచరు వచ్చింది, అద్దాలు సర్దుకుంటూ. "ఏమిటిది? చదువుకోనివాళ్ళలాగా? పోలీసులని పిలవాలా?"

"చదువుకోనిదాన్నే టీచరు గారూ. పిలవండి. వాళ్ళూ గిన్నెలోనే కదా రావాలి. రోడ్డు ఖాళీ లేదు."

"మీ ఒక్కరి కోసం నలభైమంది పిల్లలు ఆలస్యం కావాలా?"

"మా అమ్మాయి ఇందాక పొగ గది దాకా వెళ్ళింది. బరువు లేదని ఖాళీ కింద తీసుకెళ్ళింది మీ గిన్నె. ఇంకో నిమిషమైతే లోపల మందు కొట్టేవాళ్ళు."

ఆవిడ మొహం మారింది, కానీ మాట మారలేదు. "అలా జరగదు. బరువు చాలని పిల్లల్ని అసలు ఎక్కించుకోదు."

"ఇసుక పెట్టి ఎక్కించాను. తప్పు నాదే. నన్ను ఏమన్నా అనండి. కానీ మీ బడిలో పదిహేను కిలోలు లేనిది ఇదొక్కతేనా? మిగతావాళ్ళు ఎలా వస్తున్నారు?"

అని అడిగేదాకా నాకూ ఆ ఆలోచన లేదు. ఆవిడా నేనూ ఒకేసారి మొదటి గిన్నె వైపు చూశాం. లోపల మా పిచికంత పిల్లాడు. వాడి ఒళ్ళో సంచి. ఆ సంచిని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

ఒక్క అడుగు పక్కకి జరిగాను. ఆ ఒక్క గిన్నె మెట్టుకి ఆనింది, తలుపు తెరుచుకుంది. పిల్లాడు దిగి, సంచిని ఈడ్చుకుంటూ వచ్చాడు. నేను మళ్ళీ దారికి అడ్డం నిలబడ్డాను.

"ఏమున్నాయి నాన్నా అందులో?" అంది పెద్ద టీచరు.

"మా నాన్న చూపించొద్దన్నాడు."

ఆవిడ వంగి జిప్పు తీసింది. ఒక పలక. కింద పాత తువ్వాలులో చుట్టిన ఇటుక.

ఆవిడ ఇటుక బయటికి తీసి పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడింది. రెండో గిన్నెలో పిల్ల ఒళ్ళోంచి జారిపోతున్న సంచిని పైకి లాక్కుంటోంది. వాచ్‌మన్ గొణిగాడు. "మూడు రోజుల్నుంచి చూస్తున్నానమ్మా, ఈ పిల్లల సంచులు ఎత్తలేక చస్తున్నాను. పుస్తకాలనుకున్నాను."

"హాజరు పుస్తకం తెప్పించండి," అన్నాను. "చేత్తో రాయండి."

"కంపెనీ చూస్తే..."

"ఇటుక చూపించండి కంపెనీకి."

తొమ్మిదీ ఇరవైతొమ్మిదికి పుస్తకం వచ్చింది. ఆవిడ నా కళ్ళ ముందే పిచిక పేరు ఎదురుగా రాసింది. ముత్యాల్లాంటి రాత. రాసి, మూసి, నా వైపు కోపంగానే చూసింది. "సోమవారం ఏం చేస్తారు? ఇలాగే రోడ్డు ఆపుతారా?"

"ఎనిమిదింటికి బయల్దేరి నడిచొస్తాం. ఆపడం, ఆపకపోవడం మీ చేతుల్లో ఉంది. తూకం తీయించండి, లేదా పక్కన నడిచే దారి వేయించండి. అంతదాకా మధ్యలోనే నడుస్తాను."

"మిమ్మల్ని అరెస్టు చేస్తారు."

"చేస్తే మా అత్తయ్య తీసుకొస్తుంది. ఆవిడని మీరు ఇంకా చూడలేదు."

పిచిక లోపలికి వెళ్ళింది. వెళ్తూ, ఇటుక పిల్లాణ్ణి, "నీది ఎంత బరువు? నాది ఇసుక," అని అడుగుతోంది.

నేను దారి వదిలాను. గిన్నెలు ఒక్కొక్కటే లోపలికి వెళ్ళాయి. వెళ్తూ ఒక్కొక్కటీ ధన్యవాదాలు అంది. నేను వినిపించుకోలేదు. ఇంట్లో ఆయన ఏమంటారో తెలుసు, పెద్దక్క ఇంటికి వెళ్ళి తిట్లు తినాలని కూడా తెలుసు. ఆ పదకొండుమందికీ ఏం చెప్పాలో మాత్రం తెలియదు.

తిరిగి వెళ్ళడానికి కూడా దారి ఆ ఒక్కటే. నడిమధ్యలోకి దిగి ఇంటివైపు నడిచాను. ఎదురుగా గిన్నెలు వస్తున్నాయి. మొదటిది నా ముందుకొచ్చి ఆగి, దయచేసి దారి ఇవ్వండి అంది.

ఇవ్వలేదు.